రచ్చబండ యెవరిది?

మన పల్లెటూళ్లలో రావిచెట్టు క్రింద రచ్చబండ యొకటి యుండును. అది యే యొక్కరి సొత్తును గాదు. ప్రొద్దు గ్రుంకిన పిమ్మట జనులచ్చట చేరి పంటలమాట, ధరలమాట, పొరుగూరి తగవులమాట చెప్పుకొందురు. ఆ ప్రక్కనే కలవారి యిండ్లకు వీధియరుగు లుండును. వానిమీదను బాటసారులు కూర్చుందురు. వానిమీదను ముచ్చటలు జరుగును. చూచువారికి రెండును ఒకే తీరుగా నగపడును. కాని యరుగు గృహస్థుని సొత్తు. ఆతడు తన కిష్టమున్నంత కాలము కూర్చుండనిచ్చును. ఇష్టము తప్పిననాడు లెమ్మనును. ఇల్లమ్ముడుపోయిన యెడల క్రొత్త యజమాని యరుగునే తవ్వించి వేయవచ్చును. అప్పుడు "ఇది మా రచ్చబండ" యని బాటసారి యెంత వాదించినను చెల్లదు.

ఈ కాలమున లోకములోని కోట్లకొలది జనులు రచ్చబండ యనుకొని యొక యరుగుమీద కూర్చుండిరి. ఆ యరుగు పేరు ట్విట్టరు. 2022వ సంవత్సరమున దాని నొక ధనికుడు కొనెను. అచ్చట నెవరు మాటలాడవచ్చును, ఎవరి మాటను తొలగింపవచ్చును, ఆ తీర్పు చెప్పుట కెవరి కధికారము కలదు అను తగవు అంతకు మున్నే మొదలై, నాటినుండి మఱింత ముదిరి, దేశదేశముల న్యాయస్థానముల కెక్కినది. ఆ తగవును గూర్చి మా యభిప్రాయమును ఈ వార్షిక సంచికలో విన్నవింపదలచితిమి. పాఠశాల పత్రిక కింత దూరపు సంగతి యేలయని కొందరు పెద్ద లడుగవచ్చును. మా పై తరగతుల విద్యార్థులలో ఇంట నొక చేతిఫోనైనను లేనివారు మిక్కిలి యరుదు. వీరు మఱి రెండు మూడేండ్లలో నలుగురి యెదుట తమ మొదటి మాటను సభావేదికమీద గాక యిట్టి యరుగుమీదనే పలుకుదురు. కావున నిది మా కెంతమాత్రమును దూరపు సంగతి కాదు.

ట్విట్టరు 2006లో అమెరికాలోని సాన్ ఫ్రాన్సిస్కో నగరమున పుట్టినది. మొదట ఒక్కొక్క జాబు 140 అక్షరములకు మించరాదని నియమ ముండెను. 2017లో దానిని 280కి పెంచిరి. ఇంత చిన్న జాబులతో నెంత పని జరిగినదో మనవారికిని తెలియును. 2015లో చెన్నపట్టణమును వరద ముంచినప్పుడు ఎచ్చట పడవ కావలెనో, ఎచ్చట నన్నము దొరకునో జనులు దానిలో వ్రాసికొనిరి. 2021 వేసవిలో కరోనా రెండవసారి విజృంభించినప్పుడు ప్రాణవాయువు సిలిండర్లకును, ఆసుపత్రి మంచములకును మన దేశమున ననేకులు దానిలోనే మొఱపెట్టుకొనిరి. ముక్కుమొగ మెఱుగనివారు బదులు పలికిరి. దేశాధిపతులును, సామాన్యులును ఒకే చోట మాటలాడిరి. ఇన్ని మేళ్లు చూచినవారు దానిని రచ్చబండ యనుకొనుటలో వింత లేదు. అయినను అది 2013నుండి న్యూయార్కు వాటాల విపణిలో వాటా లమ్ముకొనిన యొక కంపెనీ. ఆ సంగతి మఱచుటయే మొదటి పొరపాటు.

ఇక అదుపు మాట. ఎవరి నోటికి వచ్చినది వారు వ్రాయుదురు గాక, అదుపేల యనువారు కలరు. పైరు వేసినచోట కలుపు మొలచును. ప్రాణము తీసెదమను బెదరింపులు, పసిబిడ్డల బొమ్మలతో చేయు నీచపు వ్యాపారము, పరుల పేర తెరచిన దొంగ ఖాతాలు, డబ్బు కాజేయు మోసపు జాబులు – ఇవి యన్నియు అచ్చట దినదినము మొలచుచునే యుండును. వానిని తీసివేయు మనుష్యులును యంత్రములును లేకున్న యెడల మర్యాదస్థు డొక్కడును అచ్చట నిలువడు. అమెరికా శాసనమును దీని నెఱిగియే చేయబడినది. 1996లో చేసిన చట్టములోని 230వ విభాగము, పరులు వ్రాసిన వ్రాతలకు ఇట్టి కంపెనీని ప్రచురణకర్తగా నెంచి శిక్షింపరాదనియు, తన కనుచితమని తోచిన వ్రాతను సద్బుద్ధితో తీసివేసినందులకు నేరము మోపరాదనియు చెప్పుచున్నది. అనగా నా దేశపు చట్టము ప్రకారము కలుపు తీయుట యజమాని హక్కు. కలుపేది, పైరేది యని నిర్ణయించు పద్ధతి మాత్రము ఆతని యిష్టమునకే విడువబడినది. తగవంతయు నచ్చటనే పుట్టినది.

మొదట పాత యజమానుల కాలమును చూతము. 2020 అక్టోబరులో, అమెరికా అధ్యక్షుని యెన్నికకు కొలది వారముల ముందు, న్యూయార్కు పోస్టు అను పత్రిక యొక అభ్యర్థి కుమారునిగూర్చి యొక కథనమును ప్రచురించెను. అది దొంగిలించిన సమాచారమై యుండునను అనుమానముతో ట్విట్టరు ఆ కథనమును ఎవ్వరును పంచుకొనకుండ అడ్డగించి, పత్రిక ఖాతాను బిగించెను. కొలది దినములలోనే తన నియమమును తానే మార్చుకొనెను. అయినను పత్రిక ఖాతా రెండు వారముల వరకు తెఱపి లేక యుండెను. తరువాత 2021 జనవరి 6న వాషింగ్టనులోని శాసనసభా భవనముమీద మూక దాడి చేసెను. జనవరి 8న ట్విట్టరు అప్పటి యధ్యక్షుడు డొనాల్డు ట్రంపు ఖాతాను శాశ్వతముగా మూసివేసెను. ఆయన మాటలను ఎనిమిది కోట్లకు పైబడిన ఖాతాలవారు అనుసరించుచుండిరి. మఱింత హింసకు ప్రేరేపణ కలుగవచ్చునని కంపెనీ కారణము చెప్పెను.

ఆ నిర్ణయములో ముఖ్యపాత్ర వహించిన యామె విజయ గద్దె. హైదరాబాదులో పుట్టి, పసితనముననే తలిదండ్రులతో అమెరికా చేరి, న్యాయశాస్త్రము చదివి, 2011లో ట్విట్టరులో ప్రవేశించి, దాని న్యాయవిభాగమునకును నియమవిభాగమునకును అధిపతి యైనది. తెలుగు పేరు వినగానే పొంగిపోవుట మనకు వాడుక. ఆమె మనదగుట చేత నామె చేసినదెల్ల మెచ్చుటయు సరికాదు. ఆమెను తిట్టువారి గుంపులో చేరుటయు సరికాదు. ఆమె చేతిలో పెట్టబడిన పని యెట్టిదో చూడవలెను. ఒక కంపెనీ యుద్యోగులు కొందరు ఒక గదిలో కూర్చుండి, ఒక దేశాధ్యక్షుని నోరు మూయుదమా వలదా యని తేల్చవలసి వచ్చెను. ఆ తీర్పు మంచిదే కావచ్చును. కాని యా న్యాయపీఠమును వారి కెవ రిచ్చిరి?

ఈ ప్రశ్నను ట్రంపుగారి మిత్రులే యడుగలేదు. ఆయనతో పొసగని జర్మనీ ప్రధాని ఆంగెలా మెర్కెలుగారు కూడ, వాక్స్వాతంత్ర్యమునకు హద్దులు శాసనసభలు పెట్టవలెను గాని కంపెనీల నడపువారు కాదని తన ప్రతినిధిచేత చెప్పించిరి. ట్విట్టరు అధిపతి జాక్ డార్సీయే, నిర్ణయము సరియైనదే కాని యిట్టి యాచారము ప్రమాదకరమని వ్రాసెను. ఫేస్‌బుక్కు కూడ ఆ దినములలోనే ట్రంపుగారిని గడువు చెప్పక వెలివేసెను. ఆ కంపెనీ తీర్పులను విచారించుటకై యేర్పడిన పర్యవేక్షణ మండలి 2021 మే నెలలో, వెలివేయుట తగినదే యని యొప్పుకొనుచు, గడువు లేని శిక్ష మీ నియమములలో నెచ్చట నున్నదని కంపెనీ నడిగెను. ఈ ప్రశ్న మాకు మిక్కిలి నచ్చినది. దోషికైనను పుస్తకములో లేని శిక్ష విధించరాదు గదా!

ఇప్పుడు క్రొత్త యజమాని కాలము. 2022 ఏప్రిలులో ఎలాన్ మస్కు ట్విట్టరును వాటా 54.20 డాలర్ల చొప్పున, మొత్తము సుమారు 4,400 కోట్ల డాలర్లకు కొనుట కొడంబడెను. వాక్స్వాతంత్ర్యము నిలుపుటకే కొనుచున్నానని ఆయన చెప్పెను. ఆ నెలలోనే గద్దెగారి పాత నిర్ణయమును ఆయన బహిరంగముగా విమర్శింపగా, ఆమెమీద తిట్లవాన కురిసెను. జూలైలో కొననని వెనుదీయగా, కంపెనీ డెలావేరు న్యాయస్థానమున దావా వేసెను. విచారణ దగ్గరపడగా ఆయన మరల నొప్పుకొని అక్టోబరు 27న కొనుగోలు ముగించెను. ఆనాడే ప్రధానాధికారి పరాగ్ అగ్రవాలును, విజయ గద్దెయు పనినుండి తొలగింపబడిరి. నవంబరు 4న సుమారు ఏడువేల అయిదువందల సిబ్బందిలో దాదాపు సగముమందికి ఉద్వాసన చెప్పబడెను. కలుపు తీయువారిలోను అనేకులు ఆ లెక్కలోనే పోయిరి.

పిమ్మట జరిగిన మూడు సంగతులు మా వాదమునకు ముఖ్యములు.

మొదటిది నీలిగుర్తు. అంతకు మున్ను ఖాతాదారు తాను చెప్పుకొనువాడే యని విచారించి యిచ్చు గుర్తును, నవంబరులో నెలకు 8 డాలర్లు చెల్లించిన వారికెల్ల నిచ్చిరి. వెంటనే యెవరో ఎలై లిలీ యను ఔషధముల కంపెనీ పేర దొంగ ఖాతా తెరచి, గుర్తు కొని, ఇన్సులిను ఇకమీద నుచితమని చాటిరి. మధుమేహ రోగు లెందరు దానిని నమ్మి యాశపడిరో యెవరు చెప్పగలరు? అసలు కంపెనీ క్షమాపణ చెప్పుకొనవలసి వచ్చెను.

రెండవది ఓటు. ట్రంపుగారిని మరల రానిత్తమా యని యజమాని తన ఖాతాలో జనులను అడిగెను. కోటిన్నర ఓట్లు పడెను. నూటికి సుమారు 52 అనుకూలములు. నవంబరు 19న ఖాతా తెరచిరి. తెరచుట తప్పని మేము చెప్పము. కాని చేతులెత్తించి లెక్కించుట విచారణ యగునా? ఏ నియమము ప్రకారము మూసిరి, ఏ నియమము ప్రకారము తెరచిరి అన్న ప్రశ్నకు అందులో బదులు లేదు. అపరాధి తిరిగి తరగతికి రావచ్చునా యని తరగతిలోని బాలురచే ఓట్లు వేయించిన యెడల, స్నేహితులు మెండుగా నున్న బాలు డెన్నటికిని శిక్ష పొందడు. ఒంటరివాడు ఎన్నటికిని క్షమింపబడడు.

మూడవది విమానపు సంగతి. యజమాని సొంత విమాన మెచ్చట తిరుగుచున్నదో బహిరంగ సమాచారమునుండి యేరి చెప్పు ఖాతా యొకటి యుండెను. దానినికూడ మూయించను, నా వాక్స్వాతంత్ర్య దీక్ష అంత గట్టిదని నవంబరు 6న ఆయన వ్రాసెను. డిసెంబరు 14న ఆ ఖాతా మూతపడెను. తన కుటుంబమునకు ప్రమాద మేర్పడినదని ఆయన చెప్పిన కారణము. ఆ భయము నిజమే కావచ్చును. బిడ్డలు గల తండ్రి కట్టి భయము సహజము. కాని నియమము ఆ దినముననే వ్రాయబడెను. మఱునాడు ఆ సంగతిని గూర్చి వార్తలు వ్రాసిన పలువురు పత్రికా విలేఖరుల ఖాతాలును మూతపడెను. మరల ఓట్లు వేయించి కొలది దినములలో కొన్నింటిని తెరచిరి. ఇందులో వాది యజమానియే, నియమము వ్రాసినవాడు యజమానియే, తీర్పు చెప్పినవాడు యజమానియే. అంతకు రెండు దినముల ముందే, డిసెంబరు 12న, బయటి పెద్దలతో 2016లో నేర్పడిన సలహాసంఘము రద్దుచేయబడెను. అడ్డు చెప్పువా రెవరును మిగులలేదు.

క్రొత్త యజమానిపట్ల న్యాయముగా నొక మాట చెప్పవలెను. 2021లో పాత కాలముననే చిన్నగా మొదలైన యొక పద్ధతిని ఆయన విరివిగా పెంచెను. అందులో తప్పుదోవ పట్టించు జాబు క్రింద చదువరులే వివరణ వ్రాయుదురు. సామాన్యముగా నొకరితో నొక రేకీభవింపనివారు ఉభయులును ఆ వివరణ పనికివచ్చునన్నప్పుడే యది యందరికిని కనబడును. యజమాని జాబుల క్రిందను అట్టి వివరణలు పడినవి. ఈ పద్ధతిలో మేము మెచ్చునది యిదియే: నియమము ముందే తెలియును, అది యజమానికిని వర్తించును. కాని వివరణ చేర్చుట వేఱు, బెదరింపబడిన మనిషిని కాపాడుట వేఱు. మొదటిదానితో రెండవపని తీరదు.

అటులైన నీ యధికారమును ప్రభుత్వముల కిత్తమా యని యడుగుదురు. దానిని గూర్చియు మన యెదుట దృష్టాంతము లున్నవి. మన దేశమున సమాచార సాంకేతిక శాసనములోని 66ఏ విభాగము, చిరాకు కలిగించు వ్రాతలకును చెరసాల నిర్ణయించెను. 2012లో మహారాష్ట్రములోని పాల్ఘరునందు, ఒక నాయకుని మరణమునకై నగరము మూతపడుటను గూర్చి వ్రాసిన యువతియు, ఆ వ్రాత నచ్చినదని తెలిపిన యువతియు నిర్బంధింపబడిరి. 2015 మార్చి 24న సుప్రీముకోర్టు శ్రేయా సింఘల్ వ్యాజ్యములో ఆ విభాగమును కొట్టివేసెను. అదే తీర్పు 69ఏ విభాగమును మాత్రము నిలిపెను. దాని ప్రకారము ప్రభుత్వము దేశభద్రతాది కారణములచే వ్రాతలను అడ్డగింపవచ్చును. అయితే 2009 నాటి నియమావళి అట్టి యాజ్ఞలను రహస్యముగా నుంచుమనుచున్నది. ఆ యాజ్ఞలపై 2022 జూలైలో ట్విట్టరు కర్ణాటక హైకోర్టు కెక్కెను. వ్యాజ్యము వేసినది పాత యజమానులు. తీర్పు వచ్చునాటికి క్రొత్త యజమాని యుండెను. 2023 జూను 30న హైకోర్టు వ్యాజ్యమును కొట్టివేసి, 50 లక్షల రూపాయలు చెల్లింపుమనెను. బ్రెజిలు దేశమున నైతే 2024 ఆగష్టు చివర సుప్రీముకోర్టు న్యాయమూర్తి యాజ్ఞచే, అప్పటికే ఎక్స్ అని పేరు మారిన యా యరుగు దేశమంతట మూయబడెను. కంపెనీ న్యాయస్థానపు మాట వినలేదని శిక్ష. జుర్మానా చెల్లించి, ప్రతినిధిని నియమించిన పిమ్మట అక్టోబరు 8న తెరచిరి. ఈ నడుమ నే తగవుతోను సంబంధము లేని కోట్లమంది నోళ్లు మూతపడెను.

ప్రభుత్వము చేసినను, ధనికుడు చేసినను, ఉద్యోగుల సంఘము చేసినను, ఆజ్ఞ గుప్తముగా నుండి, కారణము చెప్పబడక, మొఱ వినువాడు లేనియెడల మాటలాడువాని గతి యొక్కటే. ఇదియే మేము చెప్పదలచిన ముఖ్యవిషయము. లోకమంతయు యజమాని మంచివాడా చెడ్డవాడా యని వాదించుచున్నది. ఆ వాదమున కంతము లేదు. నా పక్షమువా డున్నప్పుడు మంచివాడు, నీ పక్షమువా డున్నప్పుడు చెడ్డవాడు. 2023 ఫిబ్రవరి 8న అమెరికా ప్రతినిధుల సభాసంఘము విజయ గద్దెను, ఆమెతో పనిచేసిన మఱి ముగ్గురిని పిలిపించి ప్రశ్నించినప్పుడు జరిగిన దిదియే. ఒక పక్షమువారు మీరేల అడ్డగించితిరని గద్దించిరి. రెండవ పక్షమువారు మీరేల ముందుగా అడ్డగింపలేదని గద్దించిరి. పత్రిక ఖాతాను వెంటనే తెరువవలసి యుండెనని ఆమె యచ్చట నొప్పుకొనెను. తప్పొప్పుకొనుట గొప్పగుణమే; కాని యా మాట పలుకుటకు రెండేండ్లకు పైగా పట్టినది. మొఱ వినుపీఠ మొకటి యున్న యెడల రెండు దినములలో తేలియుండెడిది.

మంచి యజమానిని వెదకుట మాని, యే యజమాని యైనను తప్పలేని కట్టుబాటును వెదకుట మేలు. ఆ కట్టుబాటు నాలుగు మాటలలో చెప్పవచ్చును. నియమము ముందుగా వ్రాయబడి యందరికిని తెలియవలెను. అది యజమానికిని, అతని వైరికిని సమానముగా వర్తింపవలెను. తొలగించిననాడు కారణము చెప్పవలెను. తొలగించినవాడు గాక మఱొకడు మొఱ వినవలెను. ఇది గాలిమేడ కాదు. 2024 ఫిబ్రవరినుండి ఐరోపా సమాఖ్యలో సంపూర్ణముగా నమలునకు వచ్చిన డిజిటలు సేవల శాసనము, వ్రాతను తొలగించినయెడల కారణము తెలుపుమనియు, ఫిర్యాదు వినుమనియు, అదియు చాలనిచో కంపెనీకి వెలుపలి మధ్యవర్తులయొద్దకు పోనిమ్మనియు శాసించుచున్నది. మన దేశమునను 2023 మార్చినుండి అప్పీలు సంఘములు పనిచేయ నారంభించినవి. అయితే వాని సభ్యులను నియమించునది ప్రభుత్వమే యగుటచే, ప్రభుత్వమును విమర్శించిన జాబుపై తగవు వచ్చిననాడు అవి యెంత నిష్పక్షపాతముగా నుండునో యను శంక మిగులుచున్నది.

"నచ్చనివాడు లేచిపోవచ్చును గదా, అరుగులు వేఱే లేవా" యని కొంద రందురు. ఇందులో సత్యము కొంత కలదు. మాస్టొడాన్ అను నొక యేర్పాటులో వేర్వేఱు మనుష్యులు వేర్వేఱు అరుగులు వేసి, ఒకదానిమీది మాట మఱొకదానిమీద వినబడునట్లు కలిపినారు. ఒక యరుగు నచ్చనివాడు మఱొక దానికి పోయి, మునుపటి శ్రోతలను వెంట తీసికొనిపోవచ్చును. అట్టివి పెరుగవలెనని మా కోరిక. కాని పెద్దయరుగునుండి లేచిపోవువాడు పదేండ్లుగా చేర్చుకొనిన వినువారిని, తాను వ్రాసిన మాటల సంబంధములను అచ్చటనే విడిచిపోవలెను. ఊరివారందరు కూర్చుండినచోటు విడిచి, ఒక్కడు పొలిమేర కరుగుట స్వేచ్ఛ యగునా?

మన భాష మాటయు మఱువరాదు. 2021లో ఫేస్‌బుక్కు నుండి బయటపడిన కాగితములలో, హిందీ, వంగభాషలలోని విషపు వ్రాతలను గుర్తించు యంత్రములు లేకపోవుటచే వానిలో పెక్కు గుర్తింపబడక పోయినవని యుండెను. ఇంతటి పెద్ద భాషలకే యా గతి పట్టినప్పుడు తెలుగు తిట్టును ఇంగ్లీషు అక్షరములలో వ్రాసిన దుర్మార్గుని యెవరు పట్టుకొందురు? నియమ మెంత చక్కనిదైనను, మన మాట తెలిసినవాడు దానిని నడపనిచో మనకు నియమము లేనట్లే.

కట్టకడపట మా యింటిమాట. మూడేండ్ల క్రిందట మా పాఠశాల గోడపత్రికలో ఒక విద్యార్థి వసతిగృహపు సాంబారును గూర్చి హాస్యముగా వ్రాసెను. చూచువా రొకరు దానిని మఱునాటి యుదయముననే చింపివేసిరి. ఎందులకో చెప్పలేదు. ఆ బాలుడు మరల నేమియు వ్రాయలేదు. మఱుసటి యేడు చూచుపని వేఱొకరికి వచ్చెను. వారు మిక్కిలి మెత్తనివారు. ఎవరేమి యంటించినను ఊరకుండిరి. ఆ యేడు ఒక పేదబాలుని చిరిగిన చొక్కాను గూర్చి పేరు లేని వ్రాత యొకటి వారము దినములు గోడమీద నుండెను. ఆ బాలుడు ఆ వారము బడికి రాలేదు. మొదటివారు కఠినులు, రెండవవారు దయాళువులు. ఇద్దరి చేతిలోను బాలుడే చెడెను. మాకు కొఱవడినది మంచి మనిషి కాదు, వ్రాసిపెట్టిన నియమము.

రచ్చబండను గూర్చియు నిట్లే నిజము చెప్పవలెను. అది యందరిదని పైన వ్రాసితిమి. కాని ఒకప్పుడు కొందరు దానిమీద కూర్చుండగా, కొందరు దూరమున నిలుచుండవలసి యుండెను. ఆ కట్టుబాటు ఎచ్చటను వ్రాయబడలేదు. వ్రాయని నియమము ఎప్పుడును బలవంతుని పక్షముననే యుండును. తరువాత రాజ్యాంగములో, శాసనములలో వ్రాసిన పిమ్మటనే దూరమున నిలిచినవారు దగ్గరకు రాగలిగిరి. కావున వ్రాయుడని మేము కోరుట కాగితముమీది మోజుచేత కాదు.

2025 మార్చిలో ఆ యరుగు మరల చేతులు మారెను. యజమాని దానిని 3,300 కోట్ల డాలర్ల విలువ కట్టి తన కృత్రిమ మేధ కంపెనీలోనే చేర్చుకొనెను. కూర్చుండినవారిని ఎవరును అడుగలేదు. ఇకముందును ఇట్టి అమ్మకములు జరుగుచునే యుండును. విద్యార్థి సోదరులారా, సోదరీమణులారా! రేపు మీరు అట్టి చోట పలుకునప్పుడు, ఈ యరుగెవరిది, నియమ మెక్కడ వ్రాసియున్నది, నన్ను లెమ్మన్ననాడు నా మొఱ వినువా డెవడు అని ముందుగా నడిగి తెలిసికొనుడు. ఇతరుని నోరు మూతపడిననాడును, అతడు మీ పక్షమువాడు కాకున్నను, అదే ప్రశ్న వేయుడు. అట్లు వేయగలిగిన దినముననే మీరు వాక్స్వాతంత్ర్యమును పాఠముగా గాక గుణముగా నేర్చినవా రగుదురు.

ఈ యేటినుండి మా గోడపత్రిక ప్రక్కన నాలుగు నియమముల కాగిత మంటింపబడినది. వ్రాత తీసివేసినచోట కారణము వ్రాసిన చీటి యుంచవలెను. నచ్చనివారు ముగ్గురు విద్యార్థులును ఇద్దరు ఉపాధ్యాయులును గల సంఘమునకు మొఱపెట్టుకొనవచ్చును. సాంబారును గూర్చి వ్రాసిన విద్యార్థి యిప్పు డాఖరు తరగతిలో నున్నాడు. గతమాసమున నతని వ్రాత యొకటి గోడమీద కనబడినది. అదియు సాంబారును గూర్చియే. దానిని ఎవరును చింపలేదు.